వదిన సగం

జూలై 17, 2011, ఆదివారం

భూపాలపల్లి నుంచి ఇప్పుడే వచ్చాను. అన్న కంప్యూటర్ కొన్నాడు. హన్మకొండలో ఎవరో అమ్మేస్తుంటే పాతదే తెచ్చుకున్నాడు. బొగ్గుబాయిలో పని దిగి వచ్చి, ఒళ్ళు కడుక్కుని, నేరుగా దాని ముందు కూర్చుంటున్నాడు. యూనియన్ వాళ్ళ పెన్‌డ్రైవులన్నీ గుచ్చి అప్పుడే నిండా వైరస్‌లు ఎక్కించాడు. పొద్దంతా అవి తీస్తూనే ఉన్నాను.

"చెల్లె, దీంట్ల రెండు సిస్టములు ఎయ్యొస్తదట గదా?" అన్నాడు.

"ఎయ్యొస్తదన్నా. డిస్కును రెండు భాగాలు చేస్తరు. ఆన్ చెయ్యంగనే ఏది కావాల్నని అడుగుతది."

"గట్ల చెయ్. ఇప్పుడున్న ఎక్స్‌పీ నాది. దానికి నా పాస్‌వర్డ్ పెట్టుకున్న. మీ వదినెకు ఇంకోటేదన్న ఎయ్యి, అల్కటిది. నా దాంట్ల ఆమె చెయ్యి పెట్టొద్దు. నడుమ గోడ కట్టు."

అందరం నవ్వాం. వదిన కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. కింది పెదవి చిట్లి ఉంది. బాత్రూంలో జారిందట. ఆ సింగరేణి క్వార్టర్లలో నాచు ఎక్కువ.

కౌసల్య వదిన ఇంటర్ దాకా చదివింది. బజారులో పెళ్ళికార్డులు కొట్టే షాపతను తెలుగు టైపు వచ్చిన మనిషి కోసం చూస్తున్నాడట. "నేర్సుకుంటే పెట్టుకుంటడంటవా స్వరూపా?" అని రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అన్న బయటికి పోయినప్పుడే.

జూలై 20

నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు పోయాక పాత కంప్యూటర్ మీద ఒక్కో రకం లినక్స్ సీడీ పెట్టి చూశాను, వదినకు ఏది సరిపోతుందో అని. అన్న డబ్బాలో మెమరీ తక్కువ. కొత్త ఉబుంటు అందంగానే ఉంది కాని ఎడమపక్క నిలువుగా బొమ్మల వరస, ఏది నొక్కితే ఏమవుతుందో కొత్తవాళ్ళకు తెలియదు. అన్న డబ్బా దాన్ని మోయలేదు కూడా. ఫెడోరా నాకు ఇష్టం. అయితే పాట వినాలన్నా నెట్ నుంచి ఇంకేవో దింపుకోవాలి, క్వార్టర్‌లో నెట్ లేదు. పప్పీ చిటికెలో లేస్తుంది. మింట్ పాతది ఒకటి ఉంది, దాని మెనూ ఎడమ చేతి కింది మూలన, ఎక్స్‌పీలో ఉన్నట్టే ఉంది.

జాకీర్ అన్న టీ తాగుతూ వెనక నిలబడి చూశాడు. ఇన్‌స్టిట్యూట్ ఆయనదే. మానుకోటలో లినక్స్ పేరు తెలిసిన మనుషులం మేమిద్దరమే అంటుంటాడు.

"దేఖో స్వరూపా, నీకు నచ్చింది ఎయ్యకు. ఆమెకు సమజయ్యేది ఎయ్యి. నువ్వు ఈడుంటవ్, ఆమె ఆడుంటది. ఆగిపోయినప్పుడల్లా పరేషాన్ అయితది పాపం."

నిజమే. తెలుగు అక్షరాలు విరగకుండా కనబడాలి. నల్ల తెర మీద ఆజ్ఞలు కొట్టే పని ఉండకూడదు. కరెంటు పోయినా చెడిపోకూడదు. ఈ మూడూ రాసుకుని మళ్ళీ మొదటి నుంచి చూశాను. పప్పీనా, మింటా?

మొన్న వదిన పెదవికి నాలుగు వేళ్ళ పక్కన చెంప మీద కూడా కమిలి ఉండింది. జారినప్పుడు గోడకు తగిలి ఉంటుంది.

జూలై 28

వదిన ఫోన్ చేసింది. పక్కింటి వాళ్ళ ఫోన్ నుంచి.

"స్వరూపా, నువ్వు ఎయ్యబోయే దానికి తాళం ఉంటదా?"

"పాస్‌వర్డా? ఉంటది వదినె."

"నాకొక్కదానికే ఎరకుండేది?"

"ఆఁ."

"మీ అన్నకు గూడ తెల్వకుంటా?"

"ఎందుకు వదినె?"

"ఊకెనే అడిగిన."

పప్పీలో ఎవరు కూర్చున్నా నేరుగా లోపలే ఉంటారు, మనిషికో గది ఉండదు. దాన్ని వదిలేశాను. మింటే.

ఆగస్టు 14, ఆదివారం

వేసి వచ్చాను. ముందు అన్న ఫైళ్ళన్నీ డీవీడీల్లోకి ఎక్కించాను. తరువాత డిస్కులో సగం ఖాళీ చేసి మింట్ వేశాను. తెలుగు టైపుకు కావలసినవి ఇక్కడే పెన్‌డ్రైవులో దింపుకుని తీసుకెళ్ళాను కనుక ఎక్కడా ఆగలేదు. ఆన్ చేస్తే ముందు నల్ల తెర మీద రెండు పేర్లు వస్తాయి. ఏమీ నొక్కకపోతే ఎక్స్‌పీ లేస్తుంది. అన్నకు ఇబ్బంది లేకుండా అట్లా పెట్టాను.

పేరు అడిగిన చోట వదినే కొట్టింది, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. పాస్‌వర్డ్ దగ్గర ఆగింది.

"నువ్వు గూడ అటు దిరుగు."

తిరిగాను. చాలాసేపు పట్టింది. అన్న మంచం మీద పడుకుని పేపర్ చదువుతూ, "ఏం తాళమే అది, ఖజానకు ఏస్తున్నవా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మొదటిసారి లేచినప్పుడు తెర మీద తన పేరు చూసి వదిన చీర కొంగుతో అద్దం తుడిచింది. మురికేమీ లేదు.

మెడ వెనక నీలంగా ఉంది. కుక్కర్ మూత ఎగిరి తగిలిందట. మెడ వెనక ఎట్లా తగిలిందని నేను అడగలేదు.

నాయిన పోయాక అన్న పదో తరగతితో చదువు ఆపేశాడు. నన్ను ఎంసీఏ చదివించింది ఆ బాయిల పనే. నా హాస్టల్‌కు వచ్చి బయట గేటు దగ్గర నిలబడేవాడు, చేతులకు బొగ్గు ఉందని లోపలికి వచ్చేవాడు కాదు. అట్లాంటి మనిషి.

ఆగస్టు 30

వదిన ఒత్తులు కొట్టడం నేర్చుకుంది. "క్ష" వచ్చిందని ఫోన్ చేసి చెప్పింది! షాపతను ఒక పెళ్ళికార్డు ఇచ్చి కొట్టి చూపమన్నాడట. తప్పులు మూడే.

సెప్టెంబర్ 13

సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణిలో ఒక్కరూ బాయి దిగలేదు. అన్న మైకులో మాట్లాడాడట, బిక్షపతన్న చెప్పాడు. "మీ అన్న మాట్లాడ్తాంటే కుర్చీలున్నోళ్ళు గూడ లేసి నిలవడ్డరు" అన్నాడు. బిక్షపతన్న యూనియన్‌లో పెద్దమనిషి, ఊరికే పొగడడు. రోజంతా అదే తలుచుకున్నాను.

సెప్టెంబర్ 18

వదిన మళ్ళీ జారిందట.

సెప్టెంబర్ 21

అన్న ఫోన్.

"చెల్లె, మీ వదినె దాని తాళం ఎట్ల తియ్యాలె?"

"ఆమెనే అడుగన్నా."

"చెప్తలేదు. ఎంత అడిగినా నోరిప్పుతలేదు. పొద్దంత దాని ముంగటనే కూసుంటది, దానిల సూసుకుంట నవ్వుతది. నేను రాంగనే బందు చేస్తది. ఎవడున్నడు దాంట్ల? నువ్వేసినవ్ గదా, తీసుడు నీకెరికె."

తెలుసు. మొదట వచ్చే నల్ల తెర మీద రిపేరు కోసం ఇంకో వరుస ఉంటుంది, అందులోకి పోతే పాస్‌వర్డ్ మార్చడం రెండు నిమిషాల పని. రాదని చెప్పాను.

ఫోన్ పెట్టాక అనిపించింది, చూపిస్తే పోయేదేముంది? లోపల పెళ్ళికార్డులు, అక్షరాల పాఠాలు. చూస్తే అనుమానం తీరుతుంది. పని లేక, జీతం లేక, ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా తల తిరుగుతుంది. సమ్మె అయిపోతే అన్నీ సర్దుకుంటాయి.

సెప్టెంబర్ 24, శనివారం

రైల్ రోకో. గార్ల దారిలో గేటు దగ్గర పట్టాల మీద వేలమంది. భూపాలపల్లి నుంచి రెండు లారీల్లో అన్నవాళ్ళు వచ్చారు. నేను, జాకీర్ అన్న, ఇన్‌స్టిట్యూట్ పిల్లలు కొందరం పొద్దున్నే పోయాం. పట్టాల మధ్య రాళ్ళు పెట్టి ఆడవాళ్ళు అన్నం వండుతున్నారు. డప్పులు. అంతా పండుగలాగే ఉంది మధ్యాహ్నం దాకా.

ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. ఎక్కడి నుంచో ఒక రాయి వచ్చి పోలీసు వ్యాను అద్దానికి తగిలింది. అంతే. పోలీసులు గుంపు మీదికి లాఠీలతో వచ్చేశారు. వంట గిన్నెలు తన్నేశారు, ఉడుకుతున్న గంజి ఒక ముసలామె కాళ్ళ మీద పడి చర్మం ఊడివచ్చింది. నా పక్కన నిలబడ్డ పిల్లగాడిని జుట్టు పట్టి కంకర మీద ఈడ్చారు. ఎవరి పళ్ళో పట్టా మీద పడి ఉన్నాయి, తెల్లగా, చిగుళ్ళ నెత్తురుతో. జాకీర్ అన్న నన్ను గట్టు కిందికి తోశాడు. అక్కడి నుంచి చూశాను.

కమ్లీ అని తండా నుంచి వచ్చిన అమ్మాయి పడిపోయింది. ఇద్దరు ఆమె నడుం మీద కొడుతున్నారు. అన్న పరుగెత్తుకొచ్చి ఆమె మీద వంగాడు, తల మీద కుడి చెయ్యి అడ్డం పెట్టుకుని. కొట్టారు. మళ్ళీ అక్కడే కొట్టారు. చెరుకు విరిచినట్టు చప్పుడు నాకు గట్టు కిందికి వినిపించింది. అన్న లేవలేదు, ఆమెను వదలలేదు.

అదీ నా అన్న.

సెప్టెంబర్ 25

దవాఖానలో అన్నకు మోచేతి కింద రెండు ఎముకలూ విరిగాయన్నారు. సుద్ద పట్టీ వేశారు. వార్డు నిండా జనం. ఎవరో బంతిపూల దండ తెచ్చి వేశారు, పేపరువాళ్ళు ఫోటో తీశారు. కమ్లీ వాళ్ళ నాయిన జైసింగ్ వచ్చి అన్న పాదాలు పట్టుకున్నాడు. అన్న సిగ్గుపడి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

అందరూ పోయాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"చెల్లె, నాకు నిద్ర వస్తలేదే. చేతి నొప్పి గాదు. అది ఏం దాస్తున్నదో నాకు తెల్వాలె. ఒక్కసారి తెర్సి సూపెట్టు. మల్ల అడగ."

కళ్ళలో నీళ్ళు. చిన్నప్పటి నుంచి అన్న కళ్ళలో నీళ్ళు నేను చూడలేదు. సరే, నేను వచ్చి వదినతో మాట్లాడతానన్నాను.

అక్టోబర్ 1

రేపు అన్నను తీసుకుని భూపాలపల్లి పోతున్నాను. బస్సులు లేవు. వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి జీపు ఏదైనా దొరకాలి. వదినకు నచ్చచెబుతాను. తాళం తెరిచి చూపిస్తే ఆ ఇంట్లో గొడవ తీరిపోతుంది. చిన్న విషయం.

అక్టోబర్ 2

రాయలేను.

అక్టోబర్ 4

రాయాలి. రాయకపోతే రేపు నేనే ఇంకోలా చెప్పుకుంటాను.

మేం పోయేసరికి కరెంటు లేదు. బొగ్గు లేక కోతలు. వదినకు విషయం చెప్పాను, "ఒక్కసారి చూపెట్టు వదినె, అయిపోతది" అని. వదిన నా వైపు చూసింది. 

"నువ్వు గూడనా?" అంది. తరువాత, "సరె. కరెంటు రానీ" అంది.

కరెంటు వచ్చేదాకా ముగ్గురం ఆ గదిలో కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నం. ఉక్క. అన్న మంచం మీద, పట్టీ వేసిన చెయ్యి దిండు మీద పెట్టుకుని. వదిన కంప్యూటర్ ముందు స్టూలు మీద, నల్లటి తెర వైపు తిరిగి.  బయట ఎవరో కట్టెలు కొడుతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

ఫ్యాను తిరిగింది. "ఊఁ" అన్నాడు అన్న.

వదిన ఆన్ చేసింది. రెండు పేర్లూ వచ్చాయి, తనది ఎంచుకుంది. తాళం కొట్టింది. ఈసారి ఎవరినీ అటు తిరగమనలేదు. తన ఫైళ్ళ సంచి తెరిచి లేచి పక్కకు నిలబడింది. అన్న కూర్చుని ఎడమచేత్తో మౌస్ పట్టుకుని ఒక్కొక్కటే తెరిచాడు. అ ఆ ఇ ఈ. క గుణింతం. పెళ్ళికార్డు. ఇంకో పెళ్ళికార్డు. సమ్మె కరపత్రం, "బొగ్గు మాది, వెలుగు మాది" అని పెద్ద అక్షరాలతో. అన్నవాళ్ళ యూనియన్ కరపత్రమే, షాపతను ఇచ్చిన పని. ఒక చోట ఊరికే తన పేరు, పేజీ నిండా. అన్నీ చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

నాకు ఊపిరి తేలికైంది. "సూస్తివా అన్నా? ఏం లేదు" అన్నాను. నవ్వాను కూడా అనుకుంటాను.

అన్న తల తిప్పాడు.

"ఏం లేకుంటె తాళమెందుకే?"

వదిన చెప్పింది, మెల్లగా: "నాదని."

కీబోర్డు వైరుతో సహా ఊడదీసి ముఖం మీద కొట్టాడు. అక్షరాల బొత్తాలు గదంతా ఎగిరాయి. కనుబొమ్మ చీలింది, నెత్తురు కంట్లోకి వచ్చి ఆమెకు ఏమీ కనబడలేదు, చేతులు చాచి గోడ వెతుక్కుంది. ఆమె ఎడమచేతిని మంచం కోడుకేసి తొక్కాడు. మెడ పట్టి వంచాడు. ఎడమచేత్తోనే. విరిగిన చెయ్యి ఉండి కూడా ఎంత అలవాటుగా చేస్తున్నాడో. ఎక్కడ పట్టుకోవాలో, ఎటు వంచాలో, వెతుక్కోనక్కర లేదు ఆ చేతికి. మెడ వెనక, సరిగ్గా ఆ నీలం మచ్చ ఉన్న చోట.

"అన్నా, ఇడువు" అని అరిచాను. "ఇడువన్నా, సచ్చిపోతది." పట్టి లాగాను. మోచేత్తో గుద్దాడు, గోడకు పడ్డాను. వదిన నోట్లోంచి మాట రావడం లేదు, గురక వస్తోంది.

తలుపుకు అడ్డం వేసే కట్టె మూలన ఉంది. తీసుకున్నాను. తల మీద కొట్టలేకపోయాను. వీపు మీద కొడితే వదలడు. పట్టీ మీద కొట్టాను. పోలీసులు విరిచిన చెయ్యి మీదే, దండ వేసినప్పుడు అందరూ ముట్టుకుని దండం పెట్టిన చెయ్యి మీదే, రెండు చేతులతో కట్టె ఎత్తి కొట్టాను. సుద్ద పగిలింది. అన్న కేక వేసిన తీరు పట్టాల మీద కూడా వేయలేదు. మోకాళ్ళ మీద పడ్డాడు. నేను కట్టె మళ్ళీ ఎత్తాను. వదిన చూడకుండానే నా కాళ్ళు పట్టుకుని ఆపింది. లేకపోతే కొట్టేదాన్ని. కొట్టాలనే ఉండింది. ఇది కూడా రాసి పెట్టాలి.

వరంగల్ దవాఖానలో డాక్టరమ్మ కనుబొమ్మకు కుట్లు వేస్తూ ఎట్లా తగిలిందని అడిగింది. వదిన "జారి" అనబోయింది. "మా అన్న కొట్టిండు" అన్నాను నేను. ఎడమచేతి వేళ్ళు రెండు విరిగాయి.

వదిన ఇప్పుడు నా గదిలో పడుకుని ఉంది. జారింది, జారింది, జారింది అని నా చేత్తో నేనే రాసుకున్నాను ఇందులో.

అక్టోబర్ 7

తరిగొప్పుల నుంచి అవ్వ ఫోన్.

"నీ చేతులు పడిపోను. తెలంగాణ కోసం దెబ్బలు తిన్నోని మీద కట్టె లేపుతవానే? మల్ల మంచం పట్టిండు నా కొడుకు. నిన్ను సదివిచ్చినందుకు గిదా?"

"అవ్వా, వదినె వేళ్ళిరిగినయి. కన్ను పోయేది."

"మొగడన్నంక కొట్టడా? మీ నాయిన నన్ను కొట్టలేదా? నేనెన్నడన్న ఎవలకన్న చెప్పిన్నా?"

 నాయిన కొట్టడం నాకు తెలియదు. ఏమో. తెలుసేమో.

అక్టోబర్ 9

బిక్షపతన్న వచ్చాడు. మెట్ల మీదే కూర్చున్నాడు, వదిన ముఖం చూడలేక. మంచి మనిషి.

"తప్పే చేసిండమ్మా. నేను గడ్డి పెట్టిన. కని ఇప్పుడు కేసంటె పేపరోళ్ళు ఏం రాస్తరు? ఉద్యమకారుడు పెండ్లాన్ని కొట్టిండని రాస్తరు. మనల్ని అందర్ని కలిపి బద్నాం చేస్తరు. జర ఓపిక పట్టుండ్రి. తెలంగాణ రానీయుండ్రి, అప్పుడు కూసోని మాట్లాడుకుందం."

వదిన లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక కన్ను ఇంకా మూసుకునే ఉంది.

"తెలంగాణ వచ్చేదాక నేను దెబ్బలు తినాల్నా అన్నా?"

బిక్షపతన్న టీ సగంలో వదిలేసి పోయాడు.

అక్టోబర్ 11

పోలీసు స్టేషన్‌కు పోయాం. ముందు ఎస్సై వినలేదు. "ఇంటి గొడవ, ఇక్కడిది కూడా కాదు, భూపాలపల్లి వెళ్ళండి" అన్నాడు. భర్త పేరు అడిగాడు. ఎల్లేశ్ అనగానే పెన్ను కింద పెట్టి, మాకు కుర్చీలు వేయించాడు.

"రైలు గేటు కేసులో ఉన్నాడు కదా? కూర్చోండమ్మా. మేం రాసిపెడతాం, మీరు సంతకం చేయండి చాలు. పట్టాలు తీసేద్దామని ఇంట్లో మాట్లాడేవాడా? పేలుడు సామాను గాని తెచ్చేవాడా బాయి నుంచి?"

"లేదు" అంది వదిన.

"గుర్తు చేసుకోండి. బెయిలు రాకుండా చేస్తే మీకే మంచిది."

 ఆ సంతకం పడితే అన్నను ఏం చేస్తారో నాకు తెలుసు. పట్టాల మీద చూశాను కదా.

"నన్ను కొట్టిండని రాయుండ్రి" అంది వదిన. "ఆయన చెయ్యనియి నేను చెప్ప."

"అట్లాగైతే మా దగ్గర టైం లేదమ్మా."

మెట్లు దిగుతుంటే అడిగాను, ఇక వదిలేద్దామా అని. తల అడ్డంగా ఊపింది.

అక్టోబర్ 12

జాకీర్ అన్న ఇన్‌స్టిట్యూట్‌కు తాళం వేసి బయట కూర్చున్నాడు, లోపల మేమిద్దరమే. మింట్ ఉన్న కంప్యూటర్ ముందు వదిన కూర్చుంది. ఎడమచేతి వేళ్ళకు పట్టీ, కుడిచేత్తోనే కొట్టింది. నేను కొట్టిపెడతానంటే వద్దంది. ఎక్కడ ఆగినా నేను నోరు మెదపలేదు.

"నా పేరు కౌసల్య. నా భర్త ఎల్లేశ్ పెళ్ళయినప్పటి నుంచి నన్ను కొడుతున్నాడు. అక్టోబర్ రెండున నా కనుబొమ్మ పగలగొట్టి వేళ్ళు విరగగొట్టి మెడ పిసికాడు. చచ్చిపోతానని అనుకున్నాను. ఆయన ఉద్యమంలో చేసిన పనుల గురించి నాకు ఫిర్యాదు లేదు. ఆయన నన్ను కొట్టకూడదు. నేను విడిగా ఉంటాను."

పెళ్ళయినప్పటి నుంచి. ఏడేళ్ళు. ఆ ఇంటికి నేను ఎన్నిసార్లు పోయి అన్నం తిన్నానో.

"తప్పులున్నయా?" అని అడిగింది.

లేవన్నాను. మూడు ప్రతులు తీసి ఒకటి స్టేషన్‌లో, ఒకటి పోలీసుల పైఆఫీసులో ఇచ్చాం. పైఆఫీసు ముద్ర చూశాక ఎస్సై కూడా తీసుకున్నాడు.

అక్టోబర్ 19

సింగరేణి సమ్మె ఆగిపోయింది. బస్సులు తిరుగుతున్నాయి. తెలంగాణ రాలేదు.

రేపు పొద్దున అన్నను స్టేషన్‌కు పిలిచారు. మమ్మల్ని రమ్మనలేదు.

వదిన అంది: "మనం గూడ పోదాం. ఒక్కడే దొరికిండంటె ఊకుంటరా?"

అక్టోబర్ 20

అన్న మాకంటే ముందే వచ్చి బల్ల మీద ఉన్నాడు. సన్నబడ్డాడు. కొత్త పట్టీ. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. వదినను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

అన్నను లోపలికి పిలిచారు. మేం ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాం. తలుపు వేయబోతే వదిన పోయి తలుపుకు ఆనుకుని నిలబడింది. కానిస్టేబుల్ పొమ్మన్నాడు, పోలేదు. పెళ్ళాన్ని కొట్టిన మాటే ఎస్సై ఎత్తలేదు. రైలు గేటు దగ్గర రాయి ఎవరు వేశారు, లారీలు ఎవరు మాట్లాడారు, పేర్లు చెప్పు, పేర్లు చెప్పు. అన్న చెప్పలేదు. ఎస్సై కళ్ళతో సైగ చేశాడు. కానిస్టేబుల్ వెనక నుంచి చెంప మీద కొట్టాడు. అన్న కుర్చీతో సహా పక్కకు పడ్డాడు, విరిగిన చెయ్యి కింద పడింది. అరవకుండా పెదవి కొరుక్కున్నాడు. నెత్తురు వచ్చింది. రెండోసారి లాఠీ లేచింది. నేను బెంచీ మీద నుంచి లేవలేకపోయాను. ఆ చేతి మీదే పడుతుందని నాకు తెలుసు. ఎక్కడ కొడితే ఎక్కువ నొస్తుందో చూసి కొట్టినదాన్ని నేను.

వదిన లోపలికి పోయి అన్నకూ లాఠీకీ మధ్య నిలబడింది.

"ఏమ్మా, నువ్వు కంప్లైంటు పెట్టినోనికే కదా బుద్ధి చెబుతున్నాం?"

"కొట్టుమని నేను రాయలే" అంది వదిన.  "నన్ను కొట్టొద్దని రాసిన. ఎవల్నీ కొట్టుమని రాయలే. ఇంకోపాలి లేపినవంటె, ఈడ సూసింది గూడ టైపు చేస్త. నాకొస్తది."

 జాకీర్ అన్న, పేపరతన్ని వెంటబెట్టుకుని అప్పుడే వరండా ఎక్కాడు. ఎస్సై లాఠీ దించమన్నాడు. అన్న చేత కాగితం రాయించుకున్నారు, వదిన జోలికి పోనని. ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాడు.

బస్టాండు దాకా ముగ్గురం ఒకే రోడ్డు మీద నడిచాం, కలిసి కాదు. భూపాలపల్లి దిక్కు పోయే బస్సు నిలబడి ఉంది. అన్న ఆగాడు.

"నన్ను కాపాడినవు గదా. మనసుల నేను లేకుంటెనే కాపాడినవా? ఇంటికి రా."

"రాను."

"ఇగ కొట్ట. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెయ్యకు" అంది వదిన. "కమ్లీ మీద దెబ్బ పడొద్దని అడ్డమొస్తివట. నీ అసుంటోడే నాకు మొగడైతె బాగుండనుకున్న ఆ దినం. నువ్వే నా మొగడివని యాదికొచ్చి ఏడ్సిన."

అన్న నా వైపు తిరిగాడు. ఏదో అంటాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా చేతుల వైపు చూశాడు, అంతే. బస్సు ఎక్కబోయి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కోలేక కింది మెట్టు మీదే ఆగిపోయాడు. నా కాళ్ళు ఒక అడుగు ముందుకు పోయాయి. కండక్టర్ చంక కింద చెయ్యి వేసి పైకి లాగాడు.

బస్సు తిరిగిపోయాక కూడా నేను అక్కడే నిలబడ్డాను. వదిన నా మోచేయి పట్టుకుంది, పట్టీ ఉన్న చేత్తో, మెల్లగా.

"రా స్వరూపా. పొద్దటి సంది ఏం తినలేదు. నాకు ఆకలైతాంది."